రెండో చెవి

మా కర్ణుడికి రెండు చెవులూ ఒక్కలా ఉండేవి కావు. కుడిది మొగలిరేకులా నిక్కి ఉండేది. ఎడమది పుట్టుకతోనే సగానికి మడతపడి కంటి మీదికి వాలి ఉండేది. కళ్లం దగ్గర గోనెపట్టా మీద వణుకుతూ దొరికిన ఆ కుక్కపిల్లని తాతయ్య చేతుల్లోకెత్తి వెలుగులో చూసి, "చెవులతోనే పేరు రాసుకొచ్చాడ్రా వీడు" అని కర్ణుడని పేరుపెట్టాడు. తాతయ్య వయసులో ఉండగా పద్యనాటకాల్లో కర్ణుడి వేషం కట్టినవాడు. "ఓడిపోయినవాడి పేరెందుకండీ, ధర్మరాజో భీముడో అనరాదూ" అని నాయనమ్మ గొణిగింది. తాతయ్య వినిపించుకోలేదు.

గుడివాడకి కాస్త అవతల మా ఊరు. ఆ ఊళ్లో ఏడేళ్లపాటు వాడిదే రాజ్యం. తూర్పున పంటకాలువ గట్టు, పడమర చెరువు, మధ్యలో మా ఇల్లూ సావిడీ వరికుప్పలూ. ఆ ఎల్లలు ఎవరు గీశారో మాకు తెలీదు గానీ ఊళ్లో కుక్కలన్నిటికీ తెలుసు. రాత్రి కుప్పల దగ్గర పందికొక్కుల్ని పట్టేవాడు. పట్టినవాటిని తినేవాడు కాదు, తెల్లారేసరికి అరుగు ముందు వరసగా పెట్టేవాడు. పాలవ్యాను డ్రైవరుని ఏడేళ్లలో ఒక్కరోజు కూడా నమ్మలేదు. ముష్టికొచ్చిన ముసలాళ్ల జోలికి మాత్రం పోయేవాడు కాదు, పేరుకి తగ్గట్టు. కరోనా రెండో విడతలో తాతయ్య పోయినప్పుడు జనం రావడానికి భయపడ్డారు. నలుగురం మోశాం. వాడు ముందు నడిచాడు. తిరిగొచ్చాక తాతయ్య మడతమంచం కింద పడుకున్నాడు, ఆ తర్వాత వాడి చోటు అదే అయింది. దీపావళి టపాకాయలకి తప్ప దేనికీ తోక దించేవాడు కాదు.

మార్గశిరంలో కోతలయ్యాక పాత సావిడి పీకించాం. పశువులు పోయి చాలాకాలమైంది, ట్రాక్టరొచ్చాక ఎడ్లెక్కడివి? గాట్లో ఎండిన పేడ, గరిసెల కింద తేమమన్ను, చెదపట్టిన వాసాలు. పాలేరు బాబాయి గాటిచెక్క ఊడదీస్తుంటే దానికున్న మేకు అరచేతిలో దిగింది. నెత్తురు చూసి నేను బండెక్కించుకుని తీసుకెళ్లి టీటీ ఇంజక్షన్ వేయించాను. మేం తిరిగొచ్చేసరికి అదే చెక్క మీద కర్ణుడు కాలేశాడు. వెనక ఎడమకాలు, వేళ్ల మధ్య. నాయనమ్మ పసుపూ కొబ్బరినూనే రంగరించి రాసింది. వాడు దాన్ని నాకేశాడు. మూడోనాటికి కుంటడం మానేశాడు, నాలుగోనాటికి చూస్తే గాయం కనపడలేదు.

అదే చెక్క, అదే మేకు. మనిషికి సూది, కుక్కకి పసుపు. దీన్నెవరూ తప్పనుకోరు మా ఊళ్లో, నేనూ అనుకోలేదు. గాయం మానిందన్నాం. అది మానలేదు, మూసుకుంది.

మూసుకోవడమే దానికి కావాలి. ధనుర్వాతపు క్రిమికి గాలి గిట్టదు. గాలి తగిలినంతకాలం గట్టి కవచం తొడుక్కుని మట్టిలో ఏళ్లకేళ్లు నిద్రపోతుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక కొసన ఉబ్బి డప్పు వాయించే పుల్లలా ఉంటుందట. గుర్రాల పేగుల్లోనూ పశువుల పేగుల్లోనూ ఉంటుంది, పేడతో నేలకి దిగుతుంది. జనం తుప్పుని తిడతారు గానీ తుప్పు తోడుదొంగ మాత్రమే. గరుకు అంచుల్లో మన్ను దాస్తుంది, లోతుగా దింపుతుంది. అసలు దొంగ మన్నే. ఈ సంగతి 1884లో బయటపడింది. జర్మనీలో ఆర్థర్ నికొలాయర్ అనే కుర్ర పరిశోధకుడు తోటమట్టి తీసి ఎలుకలకీ కుందేళ్లకీ చర్మం కింద పెడితే అవి కొయ్యబారి చచ్చిపోయాయి. అయిదేళ్లకి బెర్లిన్‌లో జపాను శాస్త్రజ్ఞుడు కితాసాతో ఆ క్రిమిని విడదీశాడు. మిగతా క్రిములన్నీ వేడికి చస్తే ఇది మాత్రం బతికి ఉండటమే దాన్ని పట్టిచ్చింది. 1902లో బ్రిటిష్ ఇండియాలో, పంజాబులోని మల్కోవాల్ అనే పల్లెలో ప్లేగు టీకా వేయించుకున్నవాళ్లలో 19 మంది ధనుర్వాతంతో పోయారు. వాళ్లందరికీ ఒకే సీసాలోంచి వేశారు. ఆ సీసా బిరడా తీసిన పట్టుకారు అంతకుముందు నేల మీద పడిందని తర్వాత తేలింది. ఆ టీకా కనిపెట్టిన హాఫ్‌కిన్ తన తప్పు లేకుండానే పదవి పోగొట్టుకున్నాడు, నిర్దోషి అనిపించుకోవడానికి 1907 దాకా పట్టింది. పట్టుకారు కొసన అంటిన మన్ను చేసిన పని అది.

మా దగ్గరికి వస్తే, తొమ్మిదో రోజున వెనక ఎడమకాలు మడవటం మానేశాడు. కుంటడం కాదు. కుంటే కుక్క కాలెత్తి పెడుతుంది. వీడు కాలుని ఊతకర్రలా చాపి ఈడ్చుకుంటూ నడిచాడు. "పెద్దోడవుతున్నాడ్రా, మంచుకి కీళ్లు పట్టేసుంటాయి" అంది నాయనమ్మ. తన మోకాళ్లకి రాసుకునే తైలమే వాడికీ రాసింది. గాయమైన కాలే ముందు బిగుసుకోవడం ధనుర్వాతం వేసే మొదటి అడుగు కావచ్చు. కుక్కల్లో ఈ ఒంటికాలి బిగుతు ఒక్కోసారి అక్కడితో ఆగిపోతుంది కూడా. గుర్రంతో పోలిస్తే కుక్క ఈ విషాన్ని 600 రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది, పిల్లి ఇంకా ఎక్కువ. అందుకే కుక్కలకి దీని టీకా వేసే అలవాటు లేదు, అందుకే ఊళ్లో ఎవరూ చూసి ఉండరు. అరుదైన జబ్బుకి అదే పెద్ద బలం. గాయమైన అయిదు నుంచి పది రోజుల్లో లక్షణాలు మొదలవుతాయి, మూడు వారాలైనా పట్టచ్చు. ఆ పాటికి గాయం ఎవరికి గుర్తుంటుంది?

పదకొండో రోజు పొద్దున్న నాయనమ్మ అరుగు మీంచి కేకేసింది. "ఒరేయ్ చిన్నోడా, ఇలా రారా! మనాడి రెండో చెవి లేచిందిరా!"

నిజమే. ఏడేళ్లుగా వాలి ఉన్న ఎడమ చెవి కుడిదాని పక్కన నిక్కి నిలబడి ఉంది. రెండూ దగ్గరికి జరిగి నడినెత్తిన జంటగా, నాటకంలో కిరీటంలా. తోక కర్రలా పైకి. నాలుగు కాళ్లూ కాస్త దూరం దూరంగా పాతి, ఛాతీ ఎత్తి, మెడ నిలిపి ముంగిట్లో నిలబడ్డాడు. పొద్దుటెండ వెనకనుంచి పడుతోంది. అంత ఠీవిగా వాణ్ణి నేనెప్పుడూ చూడలేదు. ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. "ఇవాళ తాతయ్య ఉంటే పద్యం ఎత్తుకునేవాడు" అని రాశాను. అత్తలూ బాబాయిలూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అమెరికాలో ఉన్న అన్నయ్య "రాజసం" అన్నాడు.

నా బాధంతా ఇక్కడే. జబ్బు జబ్బులా వస్తే గుర్తుపట్టేవాళ్లం. చెవి వాలితే, తోక దిగితే, మూల చేరి ముడుచుకుంటే పశువుల డాక్టరుకి ఫోన్ చేసేవాళ్లం. ఇది పౌరుషం వేషం కట్టుకుని వచ్చింది. చెవులు నిక్కితే చురుకనుకున్నాం, నుదురు ముడిపడితే ఆలోచన అనుకున్నాం. మధ్యాహ్నానికి పెదవుల మూలలు వెనక్కి లాక్కుపోయి పళ్లు బయటపడ్డాయి. "నవ్వుతున్నాడు చూడు వెధవ" అని పక్కింటి పిల్లలు కూడా నవ్వారు. కుక్క అలా నవ్వదు. ఏడేళ్లు కలిసి బతికినవాళ్లం, మాకా మాత్రం తెలియాలి.

వాడి ఒంట్లో జరుగుతున్నదేమిటో తర్వాత పశువైద్యం చదువుతున్న మా చెల్లెలు చెప్పింది. చేయి మడిస్తే ముందు కండ బిగుస్తుంది, వెనక కండ వదులవుతుంది. ఆ వదులు ఊరికే రాదు. 'ఇక చాలు, నువ్వాగు' అని కండలకి చెప్పే నాడులు వెన్నుపాములో వేరే ఉన్నాయి. గ్లైసిన్, గాబా అనే రసాయనాలు ఆ మాటని మోసుకెళ్తాయి. గాయం దగ్గర పుట్టిన విషం నరాన్ని పట్టుకుని ఎదురు ప్రయాణం చేసి వెన్నులోకి చేరి, సరిగ్గా ఆ 'చాలు' అనే మాటని నొక్కేస్తుంది. అప్పుడు కండలన్నీ ఒకేసారి లాగుతాయి, ఏదీ వదలదు. బలం పోవడం కాదది, బలానికి పగ్గం పోవడం. ముఖానికి వెళ్లే నరాలు పొట్టివి గనక ఒళ్లంతా పాకేటప్పుడు అక్కడ ముందు కనిపిస్తుంది. శల్యసారథ్యం అంటామే, అదే. రథం బాగుంది, గుర్రాలు బాగున్నాయి, పగ్గాలు పట్టినవాడే శత్రుపక్షం.

పన్నెండో రోజు పెరుగన్నం ముందు పెడితే మూతి దగ్గరపెట్టి నిలబడ్డాడు. తినాలని ఉంది, కళ్లల్లో తెలుస్తోంది. దవడ తెరుచుకోలేదు. చొంగ తీగలా కారింది. వంటింట్లో స్టీలుపళ్లెం జారి గచ్చు మీద పడింది. ఆ చప్పుడుకి వాడు ఒక్కసారిగా కొయ్యలా బిగుసుకుని పక్కకి ఒరిగిపోయాడు. కంటి లోపలిమూల నుంచి తెల్లటి పొర ఒకటి వచ్చి సగం కంటిని కప్పేసింది. కొంతసేపటికి తనే లేచాడు. లేచి మమ్మల్ని చూసిన చూపు మాత్రం ఎప్పటి చూపే. ఆ జబ్బులో తెలివి తప్పదు.

అప్పుడు ఊరొచ్చింది. "చొంగ కారుస్తోంది, నీళ్లు తాగట్లేదు, చప్పుడికి అదిరిపడుతోంది. ఇంకేం చూస్తారు, పిచ్చెక్కింది" అన్నారు. ఇద్దరు కర్రలు తెచ్చుకునే వచ్చారు. వాళ్లని తప్పుపట్టలేను. రేబిస్‌కి మందు లేదు, ఇళ్లనిండా పసిపిల్లలున్నారు. ఏటా జులై 6న జూనోసిస్ దినానికి పశువుల ఆసుపత్రిలో ఉచితంగా వేసే రేబిస్ టీకా వాడికి వేయిస్తూనే ఉన్నామని నాయనమ్మ చీటీలు తెచ్చి చూపించింది. వాణ్ణి సావిడి గోడకి ఆనుకుని మిగిలిన కొట్లో పెట్టి గొళ్లెం వేశాం. పిచ్చికుక్కకి నడవడి మారుతుంది, గొంతు మారుతుంది, కింది దవడ పట్టుతప్పి వేలాడటం కద్దు. ధనుర్వాతంలో దవడ బిగుసుకుపోతుంది. వేలాడటానికీ బిగుసుకోవడానికీ ఉన్న తేడా ఆ గుంపులో ఎవరికీ తెలీదు. తెలిసినా సొంతంగా తేల్చుకునే పని కాదది. నోరు పనిచేయని కుక్క నోట్లో ఉత్తచేయి పెట్టకుండా డాక్టరుకి చూపించడమే పద్ధతి.

నేను చేయి పెట్టాను. పదమూడో రోజు సాయంత్రం.

రెండు రోజులుగా చుక్క దిగలేదు. నాయనమ్మ లోపలికెళ్లి ఇత్తడి ఉగ్గుగిన్నె తెచ్చింది. మా నాన్నకీ నాకూ పాలు పట్టింది దాంతోనే. "పళ్ల సందులోంచి పొయ్యరా, కాస్త గొంతు తడుస్తుంది, ఉసూరుమంటున్నాడు" అంది. తల నా ఒళ్లో పెట్టుకుని, పెదవి పక్కకి లాగి, వెచ్చటి పాలు పోశాను. మింగాడనుకున్నాను. గిన్నె ఖాళీ అయింది. గొంతు కండలు బిగుసుకున్నవాడికి పాలు ఎటు పోతాయో ఆలోచించలేదు. దగ్గలేదు కూడా. దగ్గడానికైనా కండలు మాట వినాలి.

గంట తర్వాత ఫోన్ మోగింది. చెల్లెలు, మా సొంత బాబాయి కూతురు. పశువైద్య కళాశాలలో ఆఖరి ఏడు చదువుతోంది, పరీక్షలని నాలుగు రోజులుగా గ్రూపు చూడలేదు.

"అన్నయ్యా, కర్ణుడి ఎడమ చెవి ఎప్పుడు లేచింది?"

పలకరింపు లేదు, ఏమీ లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మధ్యలోనే అడ్డుపడింది. "ఈమధ్య ఏమైనా గుచ్చుకుందా? గోరు విరిగిందా?" మేకు సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. "నోట్లో ఏమీ పొయ్యకండి. చీకటి చేయండి. చెవుల్లో దూది పెట్టండి. ఎవరూ ముట్టుకోవద్దు, అరవద్దు. ఈ రాత్రికే మా కాలేజీ ఆసుపత్రికి తీసుకొచ్చేయ్." పాలు పట్టానని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "సరే, బయల్దేరు" అంది.

పాలవ్యాను డ్రైవరే బండి తెచ్చాడు. పరుపు వేసి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. నలభై కిలోమీటర్లు. సంక్రాంతి ముందు రోడ్లు, ప్రతి మలుపులోనూ ఒక లారీ హారన్. హారన్ మోగినప్పుడల్లా వాడి తల వెనక్కి, కాళ్లు ముందుకి, ఒళ్లు విల్లులా వంగింది. ఈ జబ్బుకి మనవాళ్లు పెట్టిన పేరు కళ్లతో చూసింది ఆ బండిలోనే. డ్రైవరు ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. ఏడేళ్లు వాడితో మొరిగించుకున్న మనిషి.

ఆసుపత్రిలో డాక్టరుగారు పరీక్షల కోసం ఆగలేదు. ఇది రక్తపరీక్షతో తేలే జబ్బు కాదట, చూసి పట్టుకోవాల్సిందే. జ్వరం 105 డిగ్రీలు. "కండలన్నీ ఏకధాటిన పనిచేస్తుంటే ఒళ్లు కాలక ఏంచేస్తుందమ్మా" అన్నారు మా చెల్లెలితో. నిద్రమందిచ్చి కాలివేళ్ల మధ్య చర్మం తెరిచారు. పైన నున్నగా మూసుకున్నచోట లోపల చిన్న చెక్కపేడు, దాని చుట్టూ నల్లటి చీము. అదంతా కోసి కడిగి గాలి తగలనిచ్చారు. క్రిమికి మెట్రోనిడజోల్ ఎక్కించారు. విషానికి విరుగుడు సీరం తెచ్చారు. అది గుర్రం నెత్తుటినుంచి తీసేది, కుక్కకి పడకపోతే అదే ప్రాణం తీయచ్చు గనక ముందు చర్మం కింద ఒక చుక్క వేసి చూశారు. 1890లో బేరింగ్ అనే శాస్త్రజ్ఞుడూ ఆ కితాసాతోనే కలిసి కనిపెట్టిన దారే ఇప్పటికీ. ఈ విషానికి అందరికంటే ముందు పడిపోయేది గుర్రమే, విరుగుడిచ్చేదీ అదే.

"సీరం నరాల బయట తిరిగే విషాన్ని పట్టుకుంటుంది. లోపలికెళ్లి కూర్చున్నదాన్ని ఏ మందూ లేపలేదు బాబూ. నరాల కొసలు కొత్తగా మొలవాలి. మూడు వారాలు వీణ్ణి బతికించి ఉంచుకోవడమే మన పని" అన్నారు.

ఆ పని చూశాక వైద్యం మీద నాకున్న ఊహ మారింది. యంత్రాల మోత లేదు. చీకటిగది, మెత్తటి పరుపు, కళ్లకి గంత, చెవుల్లో దూది. నాలుగు గంటలకోసారి పక్క మార్చడం, గొట్టంతో మూత్రం తీయడం. కండలు సడలే మందు, మత్తుమందు కొలిచి కొలిచి. నర్సు చెప్పులు బయట విడిచి వచ్చేది. పక్కగదిలో నాలుగు నెలల లాబ్రడార్ పిల్ల ఉంది. పాలపళ్లు ఊడిన చిగుళ్లలోంచి పాకిందట దానికి. నుదురు ముడతలు పడిన రోజునే ఆ ఇంటావిడ తీసుకొచ్చేసింది. పద్దెనిమిదో రోజది, గోడ పట్టుకుని లేస్తోంది. నిద్రలో మాత్రం కాళ్లు విదిలించి ఉలిక్కిపడేది. కోలుకునే కుక్కలకి కలల్లో ఆ అదురు వారాలకొద్దీ ఉంటుందని మా చెల్లెలు చెప్పింది. అమెరికాలో 38 కుక్కల కేసులు తిరగేసి 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నూటికి 77 బతికాయి. ముఖం దగ్గరే ఉండగానో, ఇంకా కాళ్ల మీద నిలబడి ఉండగానో వచ్చినవి ఎక్కువ బతికాయి. పడిపోయి వచ్చినవాటి లెక్క వేరు. మొదటి రోజు కాలు, మూడో రోజు చెవి, నాలుగో రోజు నోరు. నేను అయిదో రోజున వెళ్లాను.

ఆసుపత్రిలో మూడో రోజుకి బిగుతు కొంచెం తగ్గినట్టే అనిపించింది. పొట్ట మీద చేయివేస్తే చెక్కలా కాకుండా చర్మంలా తగిలింది. కానీ ఊపిరిలో గురక మొదలైంది. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. డాక్టరుగారు ఆ తెల్లటి మేరని వేలితో చూపించి, నా వైపు చూడకుండా, "నిమోనియా. మింగలేనప్పుడు లోపలికి ఏదైనా వెళ్తే వస్తుంది" అన్నారు. ఏం వెళ్లిందో ఆయనకి తెలుసు, చెల్లెలు రాయించింది. నన్ను అడగలేదు. ధనుర్వాతం కుక్కల్ని చాలాసార్లు తన చేత్తో చంపదు, ఊపిరి దగ్గర పని కానిస్తుంది. గొంతు మూసుకుపోయో, ఛాతీ కండలు కదలకో, ఇలా నీళ్లో పాలో దిగిపోయో.

నాలుగో రాత్రి చెల్లెలు నన్ను లోపలికి రానిచ్చింది. ఆక్సిజన్ సన్నగా బుసకొడుతోంది. కళ్లకి గంత తీసేశారు. వాడు నన్ను చూశాడు. తోక ఊపడానికి వాడికి తోక స్వాధీనంలో లేదు, పెదవులు ఇంకా వెనక్కే ఉన్నాయి, కనుక ముఖం నవ్వుతూనే ఉంది. చేయి వేద్దామని చాపి ఆపేశాను. ముట్టుకుంటే మళ్లీ బిగుస్తాడు. ఏడేళ్లుగా నా చేతి కింద తల దూర్చి నిద్రపోయినవాణ్ణి ముట్టుకోకుండా రెండు గంటలు కూర్చున్నాను. నాలుగింటికి గురక ఎక్కువైంది, తర్వాత తగ్గింది, తర్వాత లేదు. చెల్లెలు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు ఉంచింది.

అప్పుడు చేయి వేశాను. ఒళ్లంతా మెత్తబడింది. పెదవులు పళ్ల మీదికి దిగాయి. నుదుటి ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. కుడి చెవి అలాగే నిలబడి ఉంది. ఎడమది మెల్లగా మడతపడి, ఎప్పట్లాగే, కంటి మీదికి వాలింది.